కారులో వెళ్ళి ఎక్కే రైలు

వేల్స్ పశ్చిమతీరంలో, సముద్రపుటొడ్డున, టవిన్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడి నుంచి కొండల్లోకి ఏడు మైళ్ళ పైచిలుకు దూరం ఒక బుల్లి ఆవిరి రైలు నడుస్తుంది. పట్టాల మధ్య వెడల్పు రెండడుగుల మూడంగుళాలు. నేను మొదటిసారి అక్కడికి వెళ్ళిన వేసవి ఆదివారం నాడు, ఇంజను కంటే ముందు నా కంటబడినవి స్టేషను చుట్టూ ఉన్న కార్లు. పెట్టెలో నా ఎదురుగా కూర్చున్న వృద్ధ దంపతులను ఎలా వచ్చారని అడిగితే, ఇదేం ప్రశ్న అన్నట్టు చూసి, కారు తాళంచెవులు ఎత్తి చూపించారు. నిజానికి మామూలు రైళ్ళు ఆగే స్టేషను అక్కడికి కూతవేటు దూరం కూడా ఉండదు. అయినా ఆ రోజు ఆ పెట్టెలో ఉన్నవాళ్ళం, నాతో సహా, రైలెక్కడానికి కారులో వచ్చినవాళ్ళమే.

బ్రిటన్ పల్లెల్లో రైలు చచ్చిపోవడానికి కారే కారణమన్న మాట ఇక్కడ అందరూ అంటారు. అందులో అబద్ధం లేదు. కాని ఆవిరి రైలును మళ్ళీ బతికించిన మనుషుల వివరాలు చదువుతూ పోతే, వాళ్ళలో చాలామంది చేతులకు మోటారు నూనె మరకలు కూడా కనిపిస్తాయి. ఈ రెండు ఇష్టాలూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయి, ఆ ఇష్టం పల్లెకు ఏమి మిగిల్చింది, ఏమి మిగల్చలేకపోయింది అన్నది ఈ వ్యాస విషయం.

ఈ రైలు పేరు ‘టాలిహ్లిన్’. వెల్ష్ భాషలో రెండు ‘ల’కారాలు పక్కపక్కన వస్తే, నాలుకను ‘ల’ పలికే చోట ఉంచి గాలి ఊదాలి. ఆ ధ్వనికి మన లిపిలో అక్షరం లేదు కనుక ఈ సర్దుబాటు. 1865లో పార్లమెంటు చట్టం ద్వారా అనుమతి పొంది, మరుసటి సంవత్సరం ప్రయాణికులకు తెరుచుకుంది. అసలు ప్రయోజనం మనుషులు కారు, రాయి. బ్రిన్ ఎగ్లుయిస్ అనే గనిలోంచి పలకరాయిని సముద్రతీరానికి చేర్చడానికి వేసిన మార్గమిది. మనకు పలక అంటే మార్కాపురం నుంచి వచ్చిన చెక్క చట్రం, బలపం, అఆలు. వీళ్ళకు అది ఇంటి పైకప్పు. మార్గం కట్టి ముగించాక, తనిఖీకి వచ్చిన ప్రభుత్వాధికారికి ఒక లోపం కనిపించింది. వంతెనల కింద పెట్టెకూ గోడకూ మధ్య ఉండవలసినంత ఖాళీ లేదు. వంతెనలను పడగొట్టే స్తోమత కంపెనీకి లేదు కనుక, పెట్టెలకు ఒకవైపు తలుపులు మూసేశారు. నేటికీ అక్కడ ఒకవైపు నుంచే ఎక్కాలి, దిగాలి.

సరిగ్గా అదే 1865లో పార్లమెంటు ఇంకో చట్టం చేసింది. రోడ్డుమీద యంత్రశక్తితో నడిచే ఏ బండైనా పల్లెల్లో గంటకు నాలుగు మైళ్ళకు, పట్నాల్లో రెండు మైళ్ళకు మించి పోకూడదు. ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని నడవాలి. రైలుకు పచ్చజెండా, రోడ్డుకు ఎర్రజెండా! 1896 దాకా బ్రిటన్‌లో మోటారు బండి పరిస్థితి ఇంచుమించు ఇదే. ఆ ముప్ఫై ఏళ్ళలో రైలు మారుమూల లోయల్లోకి కూడా పాకింది. పాలక్యాన్లు, దూడలు, కోళ్ళగంపలు, బొగ్గు, ఉత్తరాలు, సంతకు పోయే రైతు, పట్నంలో పనికి కుదిరిన పిల్ల అన్నీ ఆ కొమ్మదారుల మీదనే ప్రయాణించాయి. స్టేషను మాస్టరంటే బడిపంతులుతోను, చర్చి పెద్దతోను సమానమైన మనిషి.

దీన్ని దెబ్బతీసినది మొదట కారు కాదు, లారీ. 1918లో మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక సైన్యానికి అక్కరలేని లారీలు చవకగా అమ్మకానికి వచ్చాయి. యుద్ధంలో బండి నడపడం నేర్చుకుని వచ్చిన కుర్రవాడు ఒక లారీ కొని, పగలు సరుకులు, సంత రోజున బల్లలు బిగించి మనుషులను మోయడం మొదలుపెట్టాడు. రైల్వే కంపెనీలకేమో పాతకాలపు చట్టబంధం ఒకటుంది: ఎవరు ఏ సరుకు తెచ్చినా, ప్రకటించిన రేటుకు, కాదనకుండా తీసుకుపోవాలి. ఆ రేట్లు చూసుకుని లారీవాడు ఒక మెట్టు కింద ధర చెప్పేవాడు. లాభసాటి సరుకు తనకు, మిగిలినది రైలుకు. టాలిహ్లిన్‌కు పొరుగు లోయలో, అదే వెడల్పు పట్టాలతో నడిచిన కోరిస్ రైలును 1930లో గ్రేట్ వెస్టర్న్ రైల్వే కొనుక్కుంది. 1931 మొదట్లోనే దానిమీద ప్రయాణికుల బళ్ళు ఆపేసింది. ఆ ప్రయాణికులకు మిగిలినది రోడ్డుమీది బస్సే.

ఇక కారు. 1922లో వచ్చిన ఆస్టిన్ సెవెన్, 747 సీసీల ఇంజనుతో, చూడటానికి పిల్లల బొమ్మలాంటి బండి. అది మధ్యతరగతి మనిషికి మొదటి కారు అయింది. పల్లెల్లో మోటారును తొందరగా అందిపుచ్చుకున్న వృత్తులలో మా వృత్తి ఒకటని చెప్పుకోవడంలో నాకు కొంత గర్వమూ, ఈ కథలో మాకూ కొంత పాపం ఉందన్న ఒప్పుకోలూ ఉన్నాయి. గుర్రానికి దాణా వేసి, జీను కట్టి, అర్ధరాత్రి పురిటికి పోవలసిన వైద్యుడికి కారు వరం. 1948లో వచ్చిన మోరిస్ మైనర్ పల్లెపల్లెకూ తిరిగే నర్సమ్మల బండిగానే ఇక్కడి జ్ఞాపకాల్లో నిలిచిపోయింది. దేశంలో ప్రైవేటు కార్లు 1950లో సుమారు 20 లక్షలు, 1960 నాటికి 50 లక్షలకు చేరువ, 1970 నాటికి దాదాపు కోటి.

ఈ ప్రవాహానికి అడ్డుపడిన మనిషి ఎల్.టి.సి. రోల్ట్. స్నేహితులకు టామ్. ఆయనను రైలు పిచ్చివాడని చెప్పి వదిలేస్తే సగం మనిషే కనిపిస్తాడు. 1910లో పుట్టాడు. స్టోక్ ఆన్ ట్రెంట్‌లోని ఆవిరి ఇంజన్ల కర్మాగారంలో పని నేర్చుకున్నాడు. ఆ తరువాత చేసినది మోటారు గ్యారేజీ. హాంప్‌షైర్‌లో, ఫీనిక్స్ గ్రీన్ అనే చోట, ఒక పబ్బు పక్కనున్న గ్యారేజీలో భాగస్వామిగా చేరాడు. పాత కార్ల ప్రేమికుల కోసం 1934లో ఏర్పడిన వింటేజ్ స్పోర్ట్స్ కార్ క్లబ్ తొలి రోజుల్లో ఆ గ్యారేజీ వాళ్ళ అడ్డా. 1924 నాటి ఆల్విస్ కారు ఒకటి ఆయన దగ్గర ఉండేది. తరువాత ఒక పడవను ఇల్లుగా మార్చుకుని కాలువల వెంట తిరిగాడు. 1946లో ఆ కాలువలను కాపాడే సంఘం పెట్టినవారిలో ఒకడయ్యాడు. కారు, కాలువ, రైలు మూడూ ఒకదాన్నొకటి తినేసినవే కదా! ఆయన కళ్ళకు మాత్రం మూడూ ఒకే జాతివి: చేతిపనితో నడిచేవి, పాడైతే విప్పి బాగుచేసుకోగలిగేవి, నడిపేవాడి ఒడుపును కోరేవి. ఆయనకు పడనిది యంత్రం కాదు, మనిషి చేతికి చోటివ్వని యంత్రం.

టాలిహ్లిన్ యజమాని సర్ హెన్రీ హేడన్ జోన్స్ ఆ ప్రాంతానికి చాలాకాలం పార్లమెంటు సభ్యుడు. 1911లో గనినీ రైలునూ కొన్నాడు. 1946 చివర్లో గని కూలి మూతపడింది. మోయడానికి రాయి లేదు, వచ్చే రాబడి లేదు. అయినా తాను బతికున్నంతవరకు రైలు నడుస్తుందని చెప్పిన మాట నిలబెట్టుకున్నాడు. 1947 చట్టంతో బ్రిటన్ రైల్వేలను జాతీయం చేసినప్పుడు ఈ రైలును ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. స్టేషన్ల మీద కొత్త బోర్డులు పడలేదు. పట్టాల కింద స్లీపర్లు కుళ్ళిపోయి, చాలాచోట్ల పట్టాలను కదలకుండా పట్టి ఉంచినది వాటి మధ్య దట్టంగా పెరిగిన గడ్డే. రెండు ఇంజన్లలో 1866 నాటి ‘డోల్‌గోఖ్’ ఒక్కటే కదిలే స్థితిలో ఉండేది. 1950 జూలైలో హేడన్ జోన్స్ కన్నుమూశాడు.

అదే సంవత్సరం అక్టోబరు 11న, బర్మింగ్‌హామ్‌లోని ఇంపీరియల్ హోటల్లో రోల్ట్ ఒక సభ పెట్టాడు. వచ్చినవాళ్ళు రైల్వే ఉద్యోగులే కారు. రకరకాల వృత్తులవాళ్ళు, సెలవురోజు ఖాళీ ఉన్నవాళ్ళు. రైలును జీతం లేకుండా, ఊరికే, తామే నడుపుదామని వాళ్ళు నిర్ణయించుకున్నారు. హేడన్ జోన్స్ భార్య అందుకు ఒప్పుకుంది. 1951 మే 14న, పండుగ సోమవారం నాడు, మొదటి బండి బయలుదేరింది. ప్రపంచంలో స్వచ్ఛంద సేవకులు చేతుల్లోకి తీసుకుని నడిపిన మొట్టమొదటి రైలు ఇదే.

ఇక్కడ ఒక తేదీ గుర్తుపెట్టుకోవాలి. యుద్ధకాలంలో మొదలైన పెట్రోలు రేషను బ్రిటన్‌లో ఎత్తివేసినది 1950 మే నెలాఖరున. బర్మింగ్‌హామ్ నుంచి టవిన్ వంద మైళ్ళ పైమాటే. పట్టాలు సరిచేయడానికి వారాంతాల్లో వచ్చే మనుషులు, సెలవుల్లో సముద్రపుటొడ్డుకు వచ్చి టిక్కెట్టు కొనే కుటుంబాలు, కూపన్లు లెక్కపెట్టుకోకుండా కారులో పెట్రోలు పోసుకోగలిగిన మొదటి వేసవులవి. రోల్ట్ ఉత్సాహం లేకపోతే ఈ రైలు లేదు, నిజమే. ఆ పెట్రోలు లేకపోతే ఉత్సాహం ఎంత దూరం పోయేదో చెప్పడం కష్టం. ఈ మాట రైలు అభిమానుల దగ్గర అంటే కొందరికి మనసు నొచ్చుకుంటుంది. నాకైతే ఇందులో చిన్నతనం ఏమీ కనిపించదు.

ఆ మొదటి ఏడాది కష్టాలు చెప్పుకోదగ్గవి. ఉన్న ఒక్క ఇంజను చాలదు. మూతపడిన కోరిస్ రైలు ఇంజన్లు రెండు పొరుగూరి స్టేషనులో పడి ఉన్నాయి. పట్టాల వెడల్పు ఒకటే కావడం అదృష్టం. ఒక్కొక్కటి 25 పౌండ్లకు బ్రిటిష్ రైల్వేస్ అమ్మింది. తీరా తెచ్చాక, వాటిలో ఒకటి మాటిమాటికీ పట్టాలు తప్పింది. దాని చక్రాల అంచు సన్నం. ఇక్కడి పట్టాలు ఏళ్ళ తరబడి బాగుచేయక ఎడంగా జరిగిపోయాయి. డోల్‌గోఖ్ ముసలిదైనా అలవాటైన దారి కనుక నెట్టుకొచ్చింది. రోల్ట్ రెండు వేసవులు అక్కడే ఉండి మేనేజరుగా పనిచేశాడు. ఆ అనుభవాలను 1953లో ‘రైల్వే అడ్వెంచర్’ పేరుతో పుస్తకంగా తెచ్చాడు.

ఆ తొలినాళ్ళలో గార్డుగా పనిచేసిన స్వచ్ఛంద సేవకుల్లో ఒక పల్లె చర్చి మతాధికారి ఉన్నాడు. పేరు ఆడ్రీ. ఈ పత్రిక పాఠకులకు ఆయన పేరు తెలియకపోయినా, మీ ఇంటి గచ్చుమీద పడి కాలికి గుచ్చుకున్న నీలిరంగు ఇంజను తెలుసు: థామస్‌ను సృష్టించినది ఆయనే. ఆయన కథల్లోని సన్నపట్టాల రైలుకు మూలం టాలిహ్లిన్. అదే 1953లో ఈ రైలు స్ఫూర్తితోనే ఈలింగ్ స్టూడియో ‘ది టిట్‌ఫీల్డ్ థండర్‌బోల్ట్’ అనే హాస్యచిత్రం తీసింది. ఊరి రైలును ప్రభుత్వం మూసేస్తానంటే మతాధికారి, జమీందారు, మిగతా ఊరివాళ్ళు కలిసి తామే నడుపుకుంటారు. దుర్మార్గులు బస్సు యజమానులు. చిన్నపిల్లలు కూడా నవ్వుకునే సినిమా. కాని పదేళ్ళ తరువాత జరిగినది చూస్తే నవ్వు రాదు.

1963 మార్చిలో డాక్టర్ రిచర్డ్ బీచింగ్ నివేదిక వెలువడింది. ఆయనా డాక్టరే, భౌతికశాస్త్రంలో. దేశంలో మూడోవంతు రైలుమార్గం మీద మొత్తం ప్రయాణాల్లో ఒక్క శాతం మాత్రమే సాగుతున్నదని లెక్క తేల్చాడు. 2,363 స్టేషన్లు, సుమారు 5,000 మైళ్ళ మార్గం మూసేయమన్నాడు. లెక్క తప్పని నేననను. కాని కొమ్మ ద్వారా చెట్టుకు ఎంత రసం వస్తుందో కొమ్మను విడిగా తూచి చెప్పలేం. అప్పటి రవాణామంత్రి ఎర్నెస్ట్ మార్పుల్స్, మంత్రి కాకముందు రోడ్లు వేసే కంపెనీ భాగస్వామి అన్న సంగతి ఇక్కడ చాలామంది ఇంకా మరచిపోలేదు. టవిన్ మీదుగా పోయే తీరపు మార్గం ఎలాగో బతికింది. దేశం లోపలి నుంచి డోల్గెహ్లీ పట్నం మీదుగా బార్మత్‌కు వచ్చే మార్గం 1965 జనవరిలో పోయింది. ఆ పట్నం స్టేషను ఉన్నచోట ఇవాళ బైపాస్ రోడ్డు ఉంది. పట్టాల మీద తారు పోయడమన్నది అక్కడ అక్షరాలా జరిగింది. 1968 ఆగస్టు 11న ప్రధానమార్గాల మీద ఆవిరి యుగం కూడా ముగిసింది. ఆ కడసారి బండికి టిక్కెట్టు పదిహేను గినీలు.

మూతపడిన మార్గాలు చాలాచోట్ల అభిమానుల చేతుల్లో మళ్ళీ లేచాయి. ఇంగ్లండు దక్షిణాన ససెక్స్‌లో బ్లూబెల్ రైలు 1960లోనే మొదలైంది. దాని వెనుక మ్యాడ్జ్ బెస్సెమర్ అనే మహిళ ఉంది. పాత చట్టం తిరగేసి, రోజుకు నాలుగు బళ్ళు నడిపి తీరాలన్న నిబంధన ఉందని పట్టుకుని, మూసిన మార్గాన్ని 1956లో తెరిపించింది. అధికారులు మొహం మాడ్చుకుని, చట్టంలో పేరున్న స్టేషన్లలో మాత్రమే బండి ఆపి, ఆ నిబంధనను రద్దు చేయించుకుని 1958లో మళ్ళీ మూశారు. ఉక్కు తయారీలో కొత్త దారి తొక్కిన హెన్రీ బెస్సెమర్ మనవరాలు ఆమె. పట్టుదల వంశంలోనే ఉన్నట్టుంది.

ఇంజన్లు ఎక్కడ దొరికాయి? దక్షిణ వేల్స్ రేవు పట్నం బారీలో పాత ఇనుము వ్యాపారి డై వుడమ్, బ్రిటిష్ రైల్వేస్ నుంచి సుమారు 300 ఇంజన్లు కొన్నాడు. ముందు గూడ్సు వ్యాగన్లను కోయడం సులువని వాటిమీద పడ్డాడు. ఇంజన్లు ఉప్పుగాలిలో ఏళ్ళ తరబడి తుప్పుపడుతూ నిలబడ్డాయి. ఆ జాప్యమే వాటికి ఆయుష్షు పోసింది. అభిమానులు చందాలు పోగుచేసి, ఒక్కొక్కటిగా 213 ఇంజన్లను విడిపించారు. వాటిలో చాలావాటిని తమ పట్టాల దగ్గరికి చేర్చినవి ఏమిటనుకున్నారు? లారీలు.

ఇంతవరకు చెప్పినది అభిమానుల విజయగాథ. ఇందులో నాకు ఎప్పుడూ మింగుడుపడని భాగం ఒకటుంది. డోల్గెహ్లీ మార్గం పోయిన కొన్నేళ్ళకు, 1972లో, దాని పాత కట్టమీదనే బాలా సరస్సు వెంబడి ఒక సన్నపట్టాల ఆవిరి రైలు మొదలైంది. అందమైన సరస్సు, చక్కటి రైలు. కాని అది వచ్చేపోయే చుట్టాలది. వరుస ఉద్యోగానికి, సంతకు, ఆసుపత్రికి పోయేవాడిని మోసే పని దానిది కాదు. ఇంజనును కాపాడారు, పెట్టెను కాపాడారు, చివరికి టిక్కెట్టు కొట్టే యంత్రాన్ని కాపాడారు; కాలపట్టిక మాత్రం కాపాడలేకపోయారు. అది అభిమానుల వల్ల అయ్యే పని కాదు కూడా.

మా ఊరి వైపు కథ దీనికి తలకిందులు. శ్రీకాకుళం జిల్లా నౌపడా నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి 1900లో సంస్థానాధీశుల చొరవతో రెండున్నర అడుగుల వెడల్పు రైలు పడింది. 1931 నాటికి గుణుపురం చేరింది. అమ్మమ్మగారి ఊరికి వెళ్ళేందుకు చిన్నప్పుడు మేము ఎక్కినది ఆ బండే. చొక్కా మీద బొగ్గు నుసి, కళ్ళల్లో కణికలు. దిగగానే అమ్మమ్మ చెంగు కొస ఊది కళ్ళకు అద్దేది. బస్సులు పెరిగాక మా నాన్నగారు బస్సే మేలనేవారు. అక్కడ 1992లో ఆవిరి పోయింది, 2004లో బండే ఆగిపోయింది. 2011లో అదే దారిన బ్రాడ్‌గేజ్ రైలు వచ్చింది. ఇవాళ గుణుపురం వైపు పల్లెవాడికి నిజమైన రైలు ఉంది. చిన్న బండి లేదు. వేల్స్ లోయలో చిన్న బండి ఉంది. నిజమైన రైలు లేదు. ఏది మేలని నన్నడిగితే, వైద్యుడిగా నా జవాబు వెంటనే వస్తుంది, ఆ బొగ్గు నుసి మనిషిగా కాస్త ఆలస్యమవుతుంది.

ఆ జవాబు ఎందుకు వెంటనే వస్తుందో చెప్పాలి. మూర్ఛ వచ్చిన రోగికి ఇక్కడి చట్టం ప్రకారం నేను చెప్పవలసిన మొదటి మాటల్లో ఒకటి, కారు నడపవద్దని. మూర్ఛరోగం అని తేలితే, పన్నెండు నెలలపాటు మళ్ళీ రాకుండా ఉంటేనే లైసెన్సు తిరిగి వస్తుంది. లండన్‌లో ఈ మాట చెబితే రోగి విసుక్కుంటాడు. రైలు పోయిన లోయలో చెబితే మౌనంగా కిటికీలోంచి చూస్తాడు. కొన్నేళ్ళ కిందట, డెబ్బైకి దగ్గరపడిన ఒక రైతు వచ్చాడు. గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మారుస్తున్నాను. భార్య పోయింది, ఒంటరివాడు. బస్సు రోజుకు రెండుసార్లు, ఆదివారం లేదు. నేను చెప్పవలసినది చెప్పాను. ఆయన మందుల గురించి అడగలేదు. పాలేరును పెట్టుకుంటానని పశువుల సంగతి తానే తేల్చుకున్నాడు. ఆ తరువాత అడిగాడు, “అయితే ఆదివారం బండి దగ్గరకు ఎలా పోను, డాక్టర్?”

ఆయన ఇరవై ఏళ్ళుగా ఒక ఆవిరి రైలు స్టేషనులో స్వచ్ఛంద సేవకుడు. అది ఆయన ఇంటికి పద్దెనిమిది మైళ్ళు. చిన్నప్పుడు ఆ ఇంటి వెనుక నుంచే మామూలు రైలు పోయేదట. ఆ కట్టమీద ఇప్పుడు ఆయన గొర్రెలు మేస్తాయి.

మూడు నెలలకొకసారి వచ్చేవాడు, పొరుగువాళ్ళ కారులో. ఏడాది తిరిగి, మూర్ఛ మళ్ళీ రాలేదని నిర్ధారణ అయ్యాక, ఒకనాడు లోపలికి వస్తూనే కొత్త లైసెన్సు బల్లమీద పెట్టాడు. పోయిన ఆదివారం వెళ్ళాడట. పొద్దున్నే బయలుదేరి, తానే నడుపుకుంటూ, బాయిలరుకు నిప్పు వేసే వేళకు చేరుకున్నాడట.